ఓరియంటేషన్ తప్పితే సీటు పోదు, తెలుగు పేపరు పోవచ్చు

సంపాదకులకు నమస్కారం.

ప్లస్ త్రీ, అంటే డిగ్రీ ప్రవేశాల రోజులొచ్చాయంటే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో ఒకటే ప్రశ్న. "ఆ ఓరియంటేషన్‌కి ఎల్లలేదండీ, సీటు పోయినట్టేనేటి?" ఒకరి పిల్లాడు ఆ రోజు విశాఖలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కోసం ఉండిపోయాడు. ఒకరి తండ్రి సూరత్ నుంచి డబ్బు పంపేసరికి తేదీ దాటింది. ఇంకొకరికి వంశధార పొంగి బస్సు కదల్లేదు. అందరిదీ ఒకటే భయం. కాలేజీ ఆఫీసు పని తెలిసినవాళ్లుగా మేం చెప్పే జవాబు కూడా ఒకటే. సీటు పోదు. కానీ ఆ రోజు రాని పిల్లలకు వేరేవి పోతాయి. ఎవరూ చెప్పరు కాబట్టి, పోయినట్టు పరీక్ష ఫారం నింపే రోజుదాకా తెలియదు.

ముందు రెండు తేదీలను విడదీసి చూడాలి. ఒడిశా డిగ్రీ ప్రవేశాలు జరిగే సామ్స్ పోర్టల్లో ఎంపిక జాబితా వచ్చాక, సీటొచ్చిందని తెలిపే ఇంటిమేషన్ లెటర్లో ఒక గడువు ఉంటుంది. ఆ లోపల ఫీజు కట్టి, కాలేజీలో కాగితాలు చూపించి చేరాలి. అది తప్పితే నిజంగానే సీటు పోతుంది. మళ్లీ బతిమాలినా గుమస్తా చేతిలో ఏమీ ఉండదు, పోర్టలే మూసేస్తుంది. ఓరియంటేషన్ దాని తర్వాతి మాట. అప్పటికే చేరినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి కాలేజీని పరిచయం చేసే సభ అది. యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో దీనికో మార్గదర్శకం ఇచ్చింది, ఇంజనీరింగ్ కాలేజీలకైతే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ మూడు వారాల కార్యక్రమమే పెట్టింది. మీ చేతిలో ఫీజు కట్టిన మనీ రసీదు ఉంటే మీరు ఆ కాలేజీ విద్యార్థే. సభకు రాలేదని పేరు కొట్టేయరు.

ఇక్కడే ఓ చిన్న మెలిక. స్లైడ్ అప్, అంటే తాము ముందు కోరిన పై ఆప్షన్ ఖాళీ అయితే అటు మార్చమని పెట్టుకున్నవాళ్లు ఓరియంటేషన్ సంగతి ఆలోచించే ముందు రెండో జాబితా చూసుకోవాలి. పై ఆప్షన్‌లో సీటొస్తే కింది సీటు దానంతటదే రద్దవుతుంది. పాత కాలేజీ ఓరియంటేషన్‌కి బుద్ధిగా వెళ్లి కూర్చుని, కొత్త కాలేజీలో చేరే గడువు పోగొట్టుకునే ప్రమాదం అసలు ఓరియంటేషన్ ఎగ్గొట్టడంకంటే పెద్దది.

మరి సభే అయితే అంత గొడవెందుకు? స్వాగతోపన్యాసాల వల్ల కాదు. పిల్లలందరూ ఒకే హాల్లో దొరికేది ఆ ఒక్క రోజే కాబట్టి ఆఫీసువాళ్లు తమ కాగితం పనంతా ఆ గంటల్లోనే కానిచ్చేస్తారు. సబ్జెక్టుల ఫారం, సెక్షన్, ల్యాబ్ బ్యాచ్, పిల్లల బాగోగులు చూసే లెక్చరర్ (ప్రాక్టర్) ఎవరన్నది, ర్యాగింగ్ హామీ, గుర్తింపు కార్డు ఫొటో, క్లాసు వాట్సాప్ గ్రూపు అన్నీ అప్పుడే. దీపం వెలిగించినప్పుడు మీరు లేకపోయినా నష్టం లేదు. ఫారాలు పంచినప్పుడు లేకపోతేనే నష్టం.

వాటిలో మన పిల్లలకు అన్నిటికన్నా బరువైంది సబ్జెక్టుల ఫారం. ఇది ఒక్కో కాలేజీలో ఒక్కోలా అచ్చవుతుంది కానీ సారం ఒకటే. సామ్స్ దరఖాస్తులో మీరు అడిగింది ఆనర్స్ సబ్జెక్టు, అంటే ఇప్పటి భాషలో కోర్ వన్, మేజర్. మిగతావి, అంటే మైనర్లుగా (పక్క సబ్జెక్టులుగా) తీసుకునే కోర్‌లు, వేరే విభాగం నుంచి తీసుకునే మల్టీడిసిప్లినరీ పేపరు, భాషా పేపరు కాలేజీలో తేలతాయి. ఆ ఫారంలో ఎం.ఐ.ఎల్. అని ఒక గడి ఉంటుంది. ఆధునిక భారతీయ భాష అని దాని అర్థం. అందులో ఒడియా రాయాలా, తెలుగు రాయాలా, హిందీయా, ఆల్టర్నేటివ్ ఇంగ్లీషా అన్నది మీరే తేల్చుకోవాలి. గడి ఖాళీగా ఉంటే గుమస్తా ఏం రాస్తాడు? క్లాసులో ఎక్కువమంది తీసుకున్నదే రాస్తాడు. మన జిల్లాల్లో అది ఒడియా. అందులో ఆయన తప్పేమీ లేదు, ఖాళీ గడితో జాబితా పైకి పంపలేడు కదా.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. బజార్లో ఒడియా గలగలా మాట్లాడే పిల్లాడు కూడా ఒడియా లిపిలో మూడు గంటల పరీక్ష రాయలేడు, ముఖ్యంగా తెలుగు మీడియంలోనో, ఆంధ్రా వైపు ఇంటర్‌లోనో చదివొచ్చినవాడు. వ్యాకరణం ఉంటుంది, వ్యాసం ఉంటుంది. చాలా కాలేజీల్లో ఈ పేపరు మొదటి సెమిస్టర్లోనే వస్తుంది. తప్పితే బ్యాక్ పేపరుగా వెంటాడుతుంది. పేర్లు, సబ్జెక్టు కోడ్‌లు యూనివర్సిటీకి రిజిస్ట్రేషన్ కోసం వెళ్లకముందు మార్చడం ఒక దరఖాస్తు పని. వెళ్లాక మార్చాలంటే యూనివర్సిటీ అనుమతి కావాలి. పరీక్ష ఫారం నింపాకైతే ఆశ వదులుకోవడమే.

ఒక్క మాట. తెలుగు ఎం.ఐ.ఎల్. అన్ని కాలేజీల్లోనూ ఉండదు. చెప్పే లెక్చరర్ ఉన్నచోటే ఉంటుంది. కొన్నిచోట్ల కాగితం మీద ఉంటుంది కానీ అడిగేవాళ్లు చాలక క్లాసు పెట్టరు. అందుకని "తెలుగుందా?" అని మాత్రమే అడిగితే చాలదు, "ఈ ఏడు తెలుగు క్లాసు పెడుతున్నారా, ఎవరు చెబుతారు?" అని అడగాలి. లేదంటే ఆల్టర్నేటివ్ ఇంగ్లీష్ రాయించుకోండి. మీ ఊరి పిల్లలు నలుగురైదుగురు తెలుగు కావాలని ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వడం విడివిడిగా అడగడంకంటే బాగా పనిచేస్తుంది.

మైనర్ సబ్జెక్టు కూడా ఆ ఫారంతోనే తేలుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలినవే దక్కుతాయి, దీనికి వేరే మందు లేదు. కాకపోతే మిగిలినదాన్ని కళ్లు మూసుకుని తీసుకోవద్దు. గణితం లేకుండా ప్లస్ టూ చేసినవాళ్లకు ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ లాంటివి మైనర్‌గా రాస్తే తర్వాత తలనొప్పి. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన క్రెడిట్ల (పాఠం గంటల లెక్కన ఇచ్చే పాయింట్ల) చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మూడేళ్లలో కనీసం 60 మేజర్‌లో, 24 మైనర్‌లో, 9 మల్టీడిసిప్లినరీలో, 8 భాషా పేపర్లలో రావాలి, మిగతావి ఇతర పేపర్లలో. సెమిస్టర్‌కి 20 చొప్పున లెక్క సరిపోతుంది. ఫారంలో రాసిన పేపర్ల క్రెడిట్లు కూడి చూసుకోండి. కాలేజీ చెప్పిన మొత్తానికి తక్కువైతే ఏదో ఒక గడి ఖాళీగా ఉందన్నమాట.

ఇక హాజరు. ఓరియంటేషన్‌కి రానివాళ్లలో చాలామంది "క్లాసులు మొదలయ్యాక ఫోన్ చేస్తార్లే" అని ఇంటి దగ్గరే కూర్చుంటారు. ఎవరూ ఫోన్ చేయరు. చేరిన పిల్లాడు వస్తాడనే అనుకుంటారు. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల పాఠం. 4 క్రెడిట్ల పేపరుకి 60 గంటలు, అంటే 15 వారాల్లో వారానికి 4. సాధారణంగా అడిగే 75 శాతం హాజరుకి 45 గంటలు కూర్చోవాలి. మానుకోగలిగేది 15 గంటలే. రెండు వారాలు ఇంటి దగ్గరుంటే అందులో 8 అక్కడే కరిగిపోయాయి. పూజ సెలవుల ముందో వెనకో నాలుగు రోజులు, జ్వరమొస్తే ఇంకో వారం, అంతే. చాలాచోట్ల లెక్క క్లాసులు మొదలైన తేదీ నుంచే కడతారు, మీరొచ్చిన తేదీ నుంచి కాదు. కాబట్టి సబ్జెక్టు ఖరారు కాకపోయినా మేజర్ క్లాసులో వెళ్లి కూర్చోండి. హాజరు పట్టీలో పేరు లేకపోతే చివర రాసుకోమని లెక్చరర్‌ని అడగండి, ఖరారయ్యాక ఆ రోజులు కలుపుతారు. ల్యాబ్ ఉన్నవాళ్లు ఇంకా తొందరపడాలి, బ్యాచ్‌లు నిండిపోయాక మీ రొటీన్‌కి (టైంటేబుల్‌కి) అడ్డొచ్చే గంటలోనే చోటుంటుంది.

వెళ్లిన రోజు ఏ కిటికీ దగ్గర ముందు నిలబడాలో కూడా చెబుతాం, ఎందుకంటే సగం పూట అక్కడే పోతుంది. ముందు నోటీసు బోర్డు. రొటీన్‌నీ, ఓరియంటేషన్ తర్వాత అంటించిన కాగితాలన్నిటినీ ఫొటో తీసుకోండి. ఒడియాలో ఉన్నవాటిని ఎవరిచేతైనా చదివించుకోండి, సిగ్గుపడొద్దు, గడువు తేదీ ఒడియా అంకెల్లో ఉంటే మనవాళ్లు పొరబడడం మామూలే. తర్వాత అడ్మిషన్ విభాగం, రోల్ నంబరు, సెక్షన్ అక్కడ దొరుకుతాయి. అక్కణ్ణుంచి మేజర్ విభాగానికి వెళ్లి సబ్జెక్టు ఫారం మీద విభాగాధిపతి సంతకం. ఆ కాగితంతో మళ్లీ ఆఫీసు. లైబ్రరీ, గుర్తింపు కార్డు ఆఖర్న, అవి వారం ఆగినా పర్వాలేదు. ఈ వరస తిరగేసి ముందు లైబ్రరీకి వెళ్తే రోల్ నంబరు లేదని వెనక్కి పంపుతారు.

చేతిలో ఒక దరఖాస్తు ఉండాలి. ప్రిన్సిపాల్ పేరిట, ఇంగ్లీషులోనో ఒడియాలోనో, అర పేజీ చాలు. పేరు, మనీ రసీదు నంబరు, చేరిన తేదీ, మేజర్, ఓరియంటేషన్‌కి ఏ కారణంతో రాలేకపోయారో ఒక్క వాక్యం, కావలసిన మైనర్, కావలసిన ఎం.ఐ.ఎల్. రెండు కాపీలు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేయించి అందినట్టు ముద్ర వేయించుకోవాలి. రేపు ఫారంలో భాష తప్పు పడితే మీ వైపు మాట్లాడేది ఆ ముద్రే. కారణం పెద్ద కథగా రాయనక్కర్లేదు, ఎవరూ చదవరు. రాలేనని ముందే తెలిస్తే ఇదే కాగితాన్ని తల్లో తండ్రో, చేరిన ఇంకో పిల్లాడో ముందురోజు ఇచ్చి రావచ్చు. అప్పుడు పని సగం తగ్గుతుంది.

ర్యాగింగ్ హామీ పత్రం గురించి డబ్బు ఖర్చు పెట్టొద్దు. ఇది యూజీసీ పోర్టల్లో విద్యార్థి నింపేది. నింపితే మెయిల్‌కి ఒక రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. ఆ మెయిల్‌ని కాలేజీ చెప్పిన చిరునామాకి పంపితే అయిపోయింది. స్టాంపు పేపరు, నోటరీ పాత పద్ధతి. ప్రతి ఏడూ మళ్లీ నింపాలని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంతకంటే మొండి వ్యవహారం అపార్ ఐడీ. పన్నెండు అంకెల ఈ నంబరు కిందే మార్కులు, క్రెడిట్లు జమ అవుతాయి. డిజిలాకర్‌లో చేసుకోవాలి. దానికి ఆధార్‌తో ముడిపడిన ఫోన్‌కి ఓటీపీ రావాలి. మన దగ్గర అసలు చిక్కు రెండుచోట్ల. ఒకటి ఫోన్ నంబరు. ఆధార్ తీసిన రోజున ఇచ్చిన సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లేదా నాన్న జేబులో సూరత్‌లో ఉంటుంది. ముందు ఆధార్‌లో నంబరు మార్పించుకోవాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది. రెండోది పేరు. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియా వైపు వెనక రాస్తారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, ప్లస్ టూ మార్కుల జాబితాలో చివరగా ఉంటుంది. 'రావు' అన్న ముక్క ఇంగ్లీషులో ఒకచోట 'ఓ' అక్షరంతో, ఇంకోచోట 'డబ్ల్యూ'తో ముగుస్తుంది. మనిషికి తేడా ఏమీ కనిపించదు. కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఇలాంటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్‌ని ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ని దానికి సరిచేయించండి. తిరగేసి సర్టిఫికెట్ మార్చబోతే బోర్డు చుట్టూ ఏడాది తిరగాలి. అనుబంధ కాలేజీలో చదివేవాళ్లు సంస్థ పేరు దగ్గర తమ కాలేజీ కనిపించకపోతే కంగారుపడి ఏదో ఒకటి నొక్కొద్దు, డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పేరు వెతకండి. ఇంతకుముందు స్కూల్లోనో జూనియర్ కాలేజీలోనో అపార్ చేసి ఉంటే రెండోది చేయొద్దు, అదే నంబరు ఇవ్వండి.

ఆంధ్రాలో ఇంటర్ చేసి ఇటు చేరినవాళ్లకు మరో కాగితం ఉంది, మైగ్రేషన్ సర్టిఫికెట్. బోర్డు వేరైతే యూనివర్సిటీ రిజిస్ట్రేషన్‌కి ఇది కావాలి. చేరే రోజు గట్టిగా అడగరు, "తర్వాత ఇవ్వు" అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పుడో ఓరియంటేషన్‌లో చెబుతారు. మీరు లేరు కాబట్టి వినలేదు. రిజిస్ట్రేషన్ నంబరు రాకపోతే పరీక్ష ఫారం తెరుచుకోదు. ఇంటర్ బోర్డుకి ముందే దరఖాస్తు పెట్టేయండి. అలాగే టీసీ. ఇక్కడి ప్లస్ టూ కాలేజీలు ఇచ్చేదాన్ని సీఎల్‌సీ అంటారు, అక్కడివాళ్లది టీసీ, పని ఒకటే. అది అసలుది ఇచ్చేయాలి. మార్కుల జాబితాలు, పదో తరగతి సర్టిఫికెట్ మాత్రం చూసి తిరిగివ్వాల్సినవి. యూజీసీ 2018 అక్టోబర్ నోటిఫికేషన్‌లోనే అసళ్లు ఉంచుకోకూడదని చెప్పింది. సీఎల్‌సీ ఇచ్చే ముందు నాలుగైదు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

కులం సర్టిఫికెట్ సంగతి క్లుప్తంగా. ఆంధ్రా తహసీల్దారు ఇచ్చింది ఇక్కడి రిజర్వేషన్‌కి చెల్లదు, రెండు రాష్ట్రాల జాబితాలు వేరు. ఇక్కడ డిగ్రీ ప్రవేశాల్లో ఎస్సీలకు 16.25, ఎస్టీలకు 22.5 శాతం సీట్లు, 2025–26 నుంచి ఎస్‌ఈబీసీలకు (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతులకు) 11.25 శాతం. అక్కడ బీసీ అయినంత మాత్రాన ఇక్కడ ఎస్‌ఈబీసీ కారు, జాబితా చూసుకునే రాయాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తు వేరే పోర్టల్లో, వేరే గడువుతో నడుస్తుంది. దానికి బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉండాలి. గడువు తేదీ ఎక్కువగా క్లాసు వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది, ఓరియంటేషన్‌కి రానివాళ్లు ఆ గ్రూపులో ఉండరు. వెళ్లిన మొదటి రోజే చేర్పించుకోండి.

ఇక కాలేజీలకు ఒక మనవి, మీ పత్రిక ద్వారా. సరిహద్దు జిల్లాల్లో వానాకాలంలో ఓరియంటేషన్ పెడితే కొందరు రారు, అది అందరికీ తెలిసిందే. ఆ రోజు పంచిన కాగితాలన్నీ కలిపి ఒక కట్టగా అడ్మిషన్ కిటికీ దగ్గర మరో పది రోజులు ఉంచండి. సబ్జెక్టు ఫారంలో ఎం.ఐ.ఎల్. గడి ఖాళీగా ఉన్నవాళ్ల పేర్లు ఒక జాబితాగా నోటీసు బోర్డు మీద పెట్టి, వారం గడువిచ్చి, ఆ తర్వాతే యూనివర్సిటీకి పంపండి. ఆ నోటీసు ఒడియాతోపాటు తెలుగులో నాలుగు వాక్యాలు ఉంటే చాలు. టైపు చేసేవాళ్లు లేకపోతే చేత్తో రాసి అంటించినా పిల్లలు చదువుకుంటారు. మీ పత్రిక జిల్లా పేజీలో కాలేజీల ఓరియంటేషన్ తేదీలు వేసేటప్పుడు, దాని కింద సబ్జెక్టు మార్పుకి ఆఖరి తేదీ కూడా అడిగి వేయమని కోరుతున్నాం. తల్లిదండ్రులకు అక్కరకొచ్చే తేదీ ఆ రెండోదే.

ఇట్లు,
డిగ్రీ ప్రవేశాల పని తెలిసిన కాలేజీ ఆఫీసు ఉద్యోగులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా